పోయినేడాది పాదం

తయారుచేసిన కంపెనీయే చేతులు దులుపుకుని వెళ్ళిపోయిన ఒక ముసలి కంప్యూటర్ని, ఒక వానాకాలమంతా ఒంటిచేత్తో బతికించిన మొనగాణ్ణి నేను. దానికి పురుగు పట్టకుండా, దొంగ దూరకుండా, ఎవడి దిష్టీ తగలకుండా కాపలా కాశాను. చదివింది ఐదో తరగతి. అయినా ఆ పెట్టె నా మాట వినేది. ఎదురుగా కూర్చుని వినేవాళ్ళుంటే ఇంకాస్త సాగదీస్తాను గానీ, రాతలో కాబట్టి ఇక్కడికి ఆపుతున్నాను.

నేను బూట్లు కుట్టేవాణ్ణి. అందరి కాళ్ళకూ కాదు. ఒక కాలు పొట్టి, ఒక కాలు పొడుగు అయినవాళ్ళు, వేళ్ళు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నవాళ్ళు, చక్కెర జబ్బుతో అరికాలికి స్పర్శ పోయినవాళ్ళు, ఇలా బజారు బూటు ఎవరికి పట్టదో వాళ్ళే మా గుమ్మం ఎక్కుతారు. ఒకాయనకు నేను కుట్టిన బూట్లు ఎంత బాగా కుదిరాయంటే, ఆయన నిద్రలో లేచి మూడు వీధులు నడిచి, వెనక్కి వచ్చి పడుకున్నాడు. దారి చూపింది బూట్లేనని ఇంట్లోవాళ్ళు అన్నారు. నేను కాదనలేదు.

దుకాణం మూడు గదులు. ముందు గదిలో బల్ల. వెనక గదిలో నా పీట, ఉలులు, తోలు చుట్టలు, గోడకు వరసగా వేలాడే కొయ్య అచ్చులు. మధ్య గది మా ఆవిడది. అక్కడ ఆవిడ కంప్యూటరు, దాని పక్కన నేల మీద ఒక గాజు పలక. పలక మీద నిలబడితే కింద నుంచి ఆకుపచ్చ వెలుతురు పాకి పాదం బొమ్మ తెర మీదకు వస్తుంది. ఆవిడ దాన్ని దాచి, కాగితం మీద అచ్చు తీసి ఇస్తుంది. నేను ఆ కొలతకు కొయ్య చెక్కి, కొయ్య మీద తోలు లాగి కుడతాను. ఎనిమిది వందల నలభై మూడు మంది పాదాలు ఆ పెట్టెలో ఉన్నాయి. పెద్దాసుపత్రి ఎముకల విభాగంవాళ్ళు కూడా తమ రోగుల పాదాల బొమ్మలు నెట్ మీద నేరుగా అందులోకే పంపేవాళ్ళు. మా పనిలో ముప్పాతిక వంతు అదే.

వానలు పట్టుకున్న వారంలోనే ఆసుపత్రి నుంచి ఉత్తరం వచ్చింది. మా ఆవిడ దాన్ని రెండుసార్లు చదివి బల్ల మీద బోర్లించింది.

"ఏమంటారు?" అన్నాను.

"మన కంప్యూటర్లో ఉన్న ఆపరేటింగ్ సిస్టమ్ పాతదైపోయిందట. కంపెనీ దానికి అప్‌డేట్లు ఆపేసింది కదా. అప్‌డేట్లు అందని పెట్టెల్ని వానాకాలం చివరికి తమ నెట్‌వర్క్‌లోంచి తీసేస్తారట. చూడటానికి ఒక మనిషి వస్తుందట."

"కొత్తది కొనేద్దాం."

"కొత్త సిస్టమ్ మన పలకను గుర్తుపట్టదు. పలక చేసినవాళ్ళు దుకాణం మూసి ఆరేళ్ళయింది. పలక కూడా మార్చాలంటే ఇల్లు అమ్మాలి. అమ్ముతారా?"

"ఇల్లు నీ పేరున ఉంది కదే."

"అందుకే అడిగాను."

"అసలు అప్‌డేట్ అంటే ఏమిటి?" అన్నాను. పద్నాలుగేళ్ళుగా ఆ మాట వింటూ తల ఊపుతున్నవాణ్ణి, అప్పుడు అడగాల్సి వచ్చింది.

"బూటుకు చిల్లు పడితే నీళ్ళు లోపలికి రావూ? ఇదీ అంతే. రోజూ ఎవడో ఒకడు ఎక్కడో ఒక చిల్లు కనిపెడతాడు. కంపెనీ అతుకు పంపేది. ఇక పంపదు."

"అతుకే కదా. నేనెందుకున్నాను?"

ఆవిడ నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

మూడు రోజులు ఫోను చెవిన పెట్టుకుని, ముక్కుకు కళ్ళజోడు తగిలించుకుని ఎవరెవరినో వాకబు చేసి, మా ఆవిడ ఒక మనిషిని సంపాదించింది. కంపెనీ వదిలేసిన ఆ పాత సిస్టమ్‌ను వదలలేనివాళ్ళు లోకంలో చాలామంది ఉన్నారట. వాళ్ళంతా ఒక జట్టు కట్టి, చిల్లులు తామే వెతుక్కుని, అతుకులు తామే వేసుకుంటున్నారట. ఆ జట్టులో ఒకాయన బుధవారం బుధవారం ఉదయం పదింటికి ఫోను చేసి, ఆ వారం అతుకు ఎలా వేయాలో చెబుతాడు. ఆయన పేరు నాకు ఇప్పటికీ పలకాలనిపించదు. బుధవారం మనిషి అనుకోండి.

మొదటి బుధవారం నేను ఉలి పదును పెడుతూ విన్నాను. గొంతు బావిలోంచి వచ్చినట్టు లోతుగా ఉంది.

"తొందరేం లేదండీ. ముందు పెట్టెలో ఉన్నదంతటికీ నకలు తీసుకోండి. నకలు లేకుండా అతుకు వేయకూడదు."

"తీసుకున్నానండీ."

"అప్పుడే? మీరు నాకు పాఠం చెప్పేలా ఉన్నారే."

మా ఆవిడ నవ్వింది. ఆ నవ్వు నాకు తెలుసు. పెళ్ళయిన కొత్తలో నేను ఒక అబద్ధం చెప్పినప్పుడు నవ్విన నవ్వు అది. ఆ తర్వాత నేను చెప్పిన అబద్ధాలకు లెక్కలేదు గానీ, ఆ నవ్వు మళ్ళీ రాలేదు.

రెండో బుధవారానికి ఆవిడ ఒక కొత్త పుస్తకం కొంది. ఆయన చెప్పిందల్లా అందులో రాసుకోవడం మొదలుపెట్టింది. తోలు గురించి, మనుషుల నడక గురించి, లోకం గురించి నలభై నాలుగేళ్ళుగా నేను చెప్పినవాటిలో ఒక్క ముక్క ఎక్కడైనా రాసుకుందా? మూడో బుధవారానికి బీరువాలో దాచుకున్న మంచి కళ్ళజోడు బయటికి తీసింది. ఫోనుకు కళ్ళజోడు ఎందుకో నాకు అర్థం కాలేదు.

పక్క దుకాణం మా బావమరిదిది. గొడుగులు బాగుచేస్తాడు. వానాకాలం కాబట్టి వాడికి ఊపిరాడని పని, అయినా మా ఇంటి గోడకు చెవి ఆనించడానికి తీరిక దొరికేది.

"ఏం బావా, మా అక్క ఎవరితోనో తెగ నవ్వుతోంది?"

"పని మాటలు."

"నా దగ్గరికి పని మీద ఇంతమంది వస్తున్నారు. ఒక్కళ్ళూ నాతో అలా నవ్వరే."

"నీ మొహం చూసి నవ్వేవాళ్ళకు మాటలెందుకురా?"

వాడు గొడుగు కమ్మీ ఒకటి సరిచేసి, తెరిచి, మూసి, నా వైపు చూశాడు. "కోప్పడకు. ఆయన వయసెంతంటావ్?"

ఆ ప్రశ్న నా చెవిలో పడిన దగ్గర్నుంచి నేను కాలు కాలిన పిల్లిలా తిరిగాను. ఆయనకు నా ఊహలో ఆరడుగుల ఎత్తు, నిండా జుట్టు, వంకర లేని పాదాలు వచ్చేశాయి. ఒక పాదాన్ని చూడకుండా దాని మీద కక్ష కట్టడం నా వృత్తిలో అదే మొదటిసారి.

ఆలోచించగా ఆలోచించగా నాకో ఉపాయం తట్టింది. కంపెనీ ఆ సిస్టమ్‌ను వదిలేసింది ఈ ఏడాది. పోయినేడాది దాకా అన్నీ సక్రమంగానే వచ్చాయి. అంటే పెట్టె తప్పేమీ లేదు, ఏడాది తప్పు. పెట్టె గనక తనింకా పోయినేడాదిలోనే ఉన్నానని నమ్మితే, కంపెనీ వదిలేసిన సంగతే దానికి తెలియదు. తెలియనిదానికి అతుకులెందుకు? అతుకులు అక్కర్లేకపోతే బుధవారాలెందుకు?

ఇంత తెలివి ఐదో తరగతితో ఆగిపోయిందే అని నన్ను చూసి నేనే జాలిపడ్డాను.

ఒక సోమవారం మా ఆవిడ తయారైన బూట్లు ఇచ్చి రావడానికి ఆసుపత్రికి వెళ్ళింది. ఆ పెట్టెలో నాకు తెలిసిన చోటు ఒక్కటే, తెర మూలన గడియారం. టీకి లేవాలా వద్దా అని రోజూ చూసేది దాన్నే. దాని మీద నొక్కి, తడిమి, రెండుసార్లు తప్పు తలుపు తీసి మూసి, చివరికి ఏడాది అంకె దొరికించుకున్నాను. ఒకటి తగ్గించాను. నెల ముట్టుకోలేదు, తేదీ ముట్టుకోలేదు, గంట ముట్టుకోలేదు. తిరిగొచ్చి పీట మీద కూర్చుంటే మనసు తేలికపడింది.

ఒంటిచేత్తో బతికించానని మొదట్లో కోశాను చూడండి, ఆ మాట కొట్టేయండి. దాన్ని బతికించింది వేరేవాళ్ళు. ఒంటిచేత్తో చంపబోయింది నేను.

ఆ బుధవారం అతుకు దిగలేదు. తెర మీద ఏదో ధ్రువపత్రం చెల్లదని వస్తోందట. ఆసుపత్రి నుంచి రావాల్సిన బొమ్మలు కూడా ఆగిపోయాయి. బుధవారం మనిషి పదింటికి మొదలుపెట్టి ఒంటిగంట దాకా ఫోనులోనే ఉన్నాడు.

"గడియారం ఒకసారి చూడండి. సరిగ్గా ఉందా?"

మా ఆవిడ మూలకు చూసింది. "పదీ ఇరవై అండీ. సరిగ్గానే ఉంది."

"తేదీ?"

ఆవిడ అక్కడ వేలితో నొక్కింది. "పదకొండు. నెల కూడా సరే."

ఏడాది సంగతి ఆయన అడగలేదు, ఆవిడ చూడలేదు. మనం ఏ ఏడాదిలో ఉన్నామని ఎవరు మాత్రం అనుమానిస్తారు?

"అయితే రేపు మళ్ళీ చూద్దాం," అన్నాడాయన.

రేపూ చూశారు. ఎల్లుండీ చూశారు. వారానికి ఒక్క ఉదయం వచ్చే గొంతు ఇప్పుడు రోజూ రావడం మొదలైంది. తలుపు మూయబోయి గోడ పడగొట్టుకున్నవాణ్ణయ్యాను. ఇప్పుడు వెళ్ళి మార్చేద్దామా అంటే ఆవిడ ఆ కుర్చీ వదలడం లేదు. చెప్పేద్దామా అంటే నోరు రాలేదు. ఆసుపత్రి మనిషి రావడానికి ఇంకా రెండు వారాలు కూడా లేదు.

ఆ రోజుల్లోనే, ఆవిడ స్నానానికి లేచిన సమయంలో ఫోను మోగింది. ఎత్తాను. ఒక ఆడమనిషి.

"బూట్లు కుట్టేది మీరేనా?"

"అవును, చెప్పండి."

"మీ కంప్యూటర్‌కు అంత రోగమేమిటండీ? మా ఆయన అన్నం చల్లారిపోతున్నా లేవడం లేదు."

నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను. "మా ఇంట్లో మంచి కళ్ళజోడు బయటికి వచ్చిందమ్మా."

"మా ఇంట్లో గడ్డాలు పోయాయి. ఇదివరకు పండక్కో పబ్బానికో గీసుకునేవాడు. ఇప్పుడు బుధవారం వస్తే చాలు, అద్దం ముందు నిలబడతాడు. ఫోనులో గడ్డం కనబడదయ్యా మగడా అంటే వినడు."

"పుస్తకం కూడా రాస్తోంది."

"ఎవరు?"

"మా ఆవిడ. మీ ఆయన చెప్పినవన్నీ."

అవతల నుంచి పెద్ద నిట్టూర్పు వినిపించింది. "ఏం చేద్దామంటారు?"

"నేను చేసింది చాలమ్మా," అని పెట్టేశాను.

తర్వాతి శుక్రవారం పోస్టుమాన్ వచ్చాడు. మా పాత ఖాతాదారు. ఎడమ పాదం బొటనవేలి ఎముక పక్కకు పొడుచుకు వచ్చి బాధపడేవాడు. వేసవిలో ఆపరేషన్ చేసి ఎముక సరిచేశారు. అంతకుముందు మంగళవారమే మా పలకెక్కి కొత్త పాదం బొమ్మ తీయించుకుని వెళ్ళాడు. మా ఆవిడ ఆయన పేరు మీద అన్నిటికన్నా కొత్త తేదీ ఉన్న బొమ్మ తీసి నాకిచ్చింది. నేను చెక్కబోయే ముందు గోడ మీది పాత అచ్చు ఆనించి చూశాను. వెంట్రుక వాసి తేడా లేదు. కొత్త కొయ్య మిగిలిందని సంబరపడి, ఆ పాత అచ్చు మీదే కుట్టేశాను. పాదం చూస్తే చాలు కొలత చెప్పేస్తానని ఊరంతా చెప్పుకునేవాణ్ణి, కత్తి పడ్డ పాదం కత్తి పడని పాదంలా ఎలా ఉందని అడగలేదు.

ఆయన బూట్లు తొడుక్కుని ముందు గదిలో నాలుగడుగులు వేశాడు. ఆగాడు. మళ్ళీ రెండు వేశాడు.

"తప్పుగా అనుకోకండి. ఇవి పోయినేడాది నా కాలికి కుట్టినట్టున్నాయి."

"నడిస్తే సర్దుకుంటాయి," అన్నాను.

"ఇక్కడ పక్కన అంతా ఖాళీ, ఇక్కడేమో కుట్టు గుచ్చుతోంది. వానలో రోజుకు ఎనిమిది మైళ్ళు తిరిగేవాణ్ణి నేను."

మా ఆవిడ లోపలికి వెళ్ళింది. ఆయన పేరు మీద ఉన్న బొమ్మలన్నీ తెర మీద పరిచింది. నేను గుమ్మంలో నిలబడ్డాను. మంగళవారం తీసిన బొమ్మ పైన ఉండాల్సింది, ఆపరేషన్‌కు ముందు తీసినదాని కింద ఉంది. ఆవిడ ఆ బొమ్మ తేదీ చూసింది. తర్వాత తెర మూలకు చూసింది. అక్కడ నొక్కి, ఏడాది అంకె మీద వేలు పెట్టింది.

"పోస్టుమాన్‌కు స్పర్శ ఉంది కాబట్టి గుచ్చుకుందని తెలిసింది," అంది, తెర వైపే చూస్తూ. "అరికాలు తెలియనివాళ్ళకైతే పుండు పడిందాకా తెలియదు."

అంకె ఒకటి పెంచింది. లేచి, ఫోను తీసి, బుధవారం మనిషికి తనే చేసింది.

"దొరికిందండీ. ఏడాది వెనక్కి పోయింది. అవునండీ, ఏడాదే." అవతల ఏదో అడిగాడు. ఆవిడ నా వైపు చూసింది. చూస్తూనే అంది, "లోపల గడియారం బ్యాటరీ అయిపోయినట్టుందండీ. పాత పెట్టె కదా."

నేను వెనక గదిలోకి వెళ్ళి పోస్టుమాన్ బూట్లకు కుట్లు విప్పడం మొదలుపెట్టాను.

ఏడాది తప్పిన ఆ పన్నెండు రోజుల్లో పలకెక్కినవాళ్ళు ఆరుగురు. మా ఆవిడ వాళ్ళ చిరునామాలు కాగితం మీద రాసి నా పీట మీద పెట్టింది. బావమరిది దగ్గర గొడుగు తీసుకుని ఆరు ఇళ్ళకూ నేనే వెళ్ళాను. తయారైనవి నాలుగు జతలు. వాళ్ళను కూర్చోబెట్టి, బూట్లు విప్పించి, అరికాళ్ళు వెలుతురుకు తిప్పి చూశాను. ఒకావిడ మడమ దగ్గర కందింది, చర్మం చిట్లలేదు. ఆవిడకు అక్కడ స్పర్శ లేదు. "ఏం చూస్తున్నారు, జాతకమా?" అని నవ్వింది. ఎన్నో కోతలు కోసినవాణ్ణి, ఆ బూట్లు సంచిలో వేసుకుని లేచాను.

అన్నీ మళ్ళీ కుట్టాను.

వారం తిరక్కముందే పోస్టుమాన్ ఒక చిన్న పొట్లం తెచ్చాడు. కొత్త బూట్లతో వచ్చాడు, మొహం విప్పారి ఉంది. పొట్లంలో బొత్తాం అంత బ్యాటరీ. బుధవారం మనిషి పంపాడు, ఎక్కడ పెట్టాలో బొమ్మ కూడా గీసి. బొమ్మ చక్కగా గీశాడు. అది చూసి కూడా కడుపు మండింది.

"వేయండి," అంది మా ఆవిడ, స్క్రూడ్రైవర్ అందిస్తూ.

"ఉన్నది బాగానే ఉంది కదే."

"ఆయన నమ్మి పంపాడు. వేయండి."

పెట్టె మూత విప్పాను. పదునాలుగేళ్ళ దుమ్ము. ఆవిడ టార్చి పట్టుకుంది. తోలు మీద తప్ప ఆడని నా వేళ్ళతో ఆ సన్నటి తీగలు పక్కకు జరిపి, పాత బ్యాటరీ ఊడదీశాను.

"నీకెలా తెలిసింది?" అన్నాను తల ఎత్తకుండా.

"బ్యాటరీ పోతే గంటా నిమిషమూ కూడా పోతాయి. ఏడాది ఒక్కటే పోదు."

"అయితే ఆ సంగతి ఆయనకు తెలియదా?"

ఆవిడ టార్చి ఇంకాస్త దగ్గరికి తెచ్చింది. "తెలిసే ఉంటుంది," అంది.

ఆయన అంత మర్యాదస్తుడని తెలిశాక నాకు ఇంకా ఎక్కువ మండింది. నిజం చెప్పాలంటే ఇప్పటికీ మండుతోంది. చెడ్డవాడి మీదైతే కోపం తెచ్చుకుని ఊరుకోవచ్చు. ఇలాంటివాణ్ణి ఏం చేస్తాం?

ఆసుపత్రి మనిషి వానలు వెనకబడుతున్న రోజుల్లో వచ్చింది. తడిసిన గొడుగు గుమ్మం బయట పెట్టి, కంప్యూటర్ ముందు కూర్చుని, ఒక్కొక్క పేజీ తెరిచి చూసింది. మా ఆవిడ పుస్తకం కూడా తిరగేసింది. నేను ముందు గదిలో బల్ల తుడుస్తున్నాను. తుడిచిన చోటే తుడుస్తున్నాను.

"చివరి అప్‌డేట్ మొన్న బుధవారం. దీనికి ఇంకా వస్తున్నాయా?" అంది ఆశ్చర్యంగా.

"తెప్పించుకుంటున్నామమ్మా."

"ఇది చూసుకునే బాధ్యత ఎవరిది? పేరు రాయాలి."

నేను గుడ్డ ఆపాను. పేరు చెబితే మా ఆవిడ పేరు చెప్పాలి, లేదా బుధవారం మనిషి పేరు. రెండూ న్యాయమే.

"మా ఆయన పేరు రాయండి," అంది మా ఆవిడ. "ఇకనుంచి బుధవారాలు ఆయనే చూసుకుంటారు."

ఆసుపత్రి మనిషి రాసుకుంది. మా పెట్టె నెట్‌వర్క్‌లో ఉండిపోయింది. ఆమె వెళ్ళాక మా ఆవిడ తన పుస్తకం తెచ్చి నా పీట మీద, ఉలుల పక్కన పెట్టింది. "చదువుకోండి. నా అక్షరం మీకు తెలిసిందే కదా," అంది.

నా వంతుకు వచ్చిన మొదటి బుధవారం పదింటికి ఫోను మోగితే నేనే ఎత్తాను. ఆ గొంతు "నమస్కారమండీ. ముందు నకలు తీసుకున్నారా?" అంది.

"తీసుకోలేదు," అన్నాను. అదే ఆయనతో నేను మాట్లాడిన మొదటి మాట. నిజం మాట కూడా.

ఇంతవరకూ చదివినవాళ్ళకు ఒకటి ఒప్పుకోవాలి. బుధవారం మనిషికి భార్య లేదు, ఎప్పుడూ లేదట. అన్నం చల్లారిపోతోందని ఫోను చేసిన ఆడమనిషిని నేను కల్పించాను. ఆ వానాకాలమంతా రెండిళ్ళలోనూ కలిపి అసూయపడినవాణ్ణి నేనొక్కణ్ణే. ఒక్కణ్ణే అని రాయడానికి చెయ్యి రాక, తోడుగా ఆవిణ్ణి తెచ్చుకున్నాను. ఆ గడ్డం సంగతి మాత్రం కల్పితం కాదు. బుధవారం బుధవారం పొద్దున్నే అద్దం ముందు నిలబడి గీసుకున్నది నేను.